అక్రమ వలసదారు: ‘అక్రమ’ ఎవరికి అంటుకుంది?

ఒంగోలు నుంచి ప్రశ్న

‘ఇమ్మిగ్రేషన్ స్టేటస్‌కీ (పరాయి దేశంలో ఉండటానికి చట్టపరమైన హోదా) నేరాల రేటుకీ ఉన్న సంబంధం’ గురించి తెలుగులో రాయాల్సి వస్తే దాదాపు అందరం ‘అక్రమ వలసదారుల నేరాలు’ అనేస్తున్నాం. ఆ మాట చదివేసరికే సగం తీర్పు అయిపోతోంది. అక్రమంగా వచ్చినవాళ్లు నేరాలు చేయక ఇంకేం చేస్తారు అన్నట్టు ఉంటోంది. తప్పు సమాసంలో ఉందా, వాడే తీరులో ఉందా? బదులుగా వేరే మాట ఉందా? మాస్టార్లు చెప్పాలి.

నెల్లూరు

సమాసంలోనే ఉందమ్మా. క్రమం తప్పినది అక్రమం. అక్రమ కట్టడం, అక్రమ మద్యం, అక్రమ అరెస్టు అన్నప్పుడు అక్రమం పనికో వస్తువుకో అంటుకుంటుంది. అనుమతి లేకుండా గోడ లేపినాయన్ని ‘అక్రమ యజమాని’ అనం. అనుమతి లేని రొయ్యల గుంటను ‘అక్రమ గుంట’ అంటాం గానీ తవ్వించినాయన్ని ‘అక్రమ రైతు’ అనం. వలస దగ్గరికొచ్చేసరికి విశేషణం జారి మనిషి మీద పడింది. ‘అక్రమ వలస’కు ‘దారు’ చేర్చామని విడదీస్తే వ్యాకరణం ఒప్పుకుంటుంది. చెవి మాత్రం ‘అక్రమమైన మనిషి’ అనే వింటుంది.

ఆ ‘దారు’ కూడా చూడండి. పారసీ నుంచి వచ్చిన ప్రత్యయం, ‘కలిగినవాడు’ అని అర్థం. జమీందారు, పట్టాదారు, వాటాదారు. చేతిలో ఏదో ఉన్నవాడికి తగిలించేది. వలస అట్లాంటిది కాదు, అదొక పని. ‘వలస వచ్చారు’ అంటే ఒకనాడు వచ్చారు, పని ముగిసింది. ‘వలసదారు’ అంటే ముప్పయ్యేళ్లు ఉన్నా ఆ పేరు పోదు. బ్రౌన్ 1852 నిఘంటువు చూస్తే వలస అంటే శత్రుసేనకు భయపడి ఇల్లు వదిలి పోవడం. ఇప్పుడు అదే మాటతో ఊరిని భయపెడుతున్నాం.

కావలి

మాస్టారూ, ‘చొరబాటుదారు’ ఇంకా అన్యాయం. ఇంట్లో దొంగ చొరబడతాడు, పొలంలో గొడ్లు చొరబడతాయి. అంటే గట్టు దాటి, కన్నుగప్పి లోపలికి రావడం. వీసా మీద విమానం దిగి, స్టాంపు వేయించుకుని, గడువు దాటాక ఉండిపోయిన మనిషి ఎక్కడా చొరబడలేదు. మన పౌరసత్వ చట్టానికి 2003లో చేసిన సవరణ పాస్‌పోర్టు లేకుండా వచ్చినవాళ్లనీ, సరిగ్గా వచ్చి గడువు దాటినవాళ్లనీ ఒకే నిర్వచనంలో పెట్టింది. చట్టం కలిపినా భాష విడిగా చెప్పగలదు. ‘అనుమతి లేకుండా వచ్చినవారు’, ‘గడువు దాటి ఉన్నవారు’. రెండూ తేట తెలుగు.

ఆత్మకూరు

వాడుక మాట అడిగారు కదా, గల్ఫ్‌కు పోయినవాళ్ల నోట ఉంది: ‘ఖల్లివల్లి’. అరబ్బీలో ‘పోనీ, వదిలెయ్’ అనే అర్థం. మనవాళ్ల మాటలో అకామా (నివాస అనుమతి) లేకుండా, కఫీల్ (పనికి పిలిపించుకున్న యజమాని) దగ్గర నుంచి బయటపడి దొరికిన పని చేసుకునేవాళ్లు ఖల్లివల్లి. ‘వాడు ఖల్లివల్లి అయినాడు’ అంటారు. ‘అయినాడు’ అన్న క్రియ చూడండి, స్థితి మారిందనే చెబుతుంది, మనిషిని తిట్టదు. సౌదీలో చాలా ఏళ్లు కఫీల్ ‘హురూబ్’ అని, అంటే పారిపోయాడని, ఫిర్యాదు రాయిస్తే చాలేది. అప్పటిదాకా సక్రమంగా ఉన్న మనిషి గదిలో కదలకుండా కూర్చున్నా ఖల్లివల్లి అయిపోయేవాడు. అమెరికాలో ఉన్న మనవాళ్లు ‘స్టేటస్ పోయింది’ అంటారు. అదీ అట్లాంటి మాటే. ఉద్యోగం పోయినట్టు, కరెంటు పోయినట్టు.

ఒంగోలు, లెక్కల వైపు నుంచి

మాట ఎందుకు ముఖ్యమో అంకెల్లో చూపిస్తాను. ఇది ఊహా లెక్క. ఒక పట్నంలో స్థానికులు 50,000, బయటి దేశం నుంచి వచ్చినవాళ్లు 2,000. దొంగతనాలు, కొట్లాటల కేసులు స్థానికుల మీద 200, బయటివాళ్ల మీద 8. లక్షకు కడితే రెండూ 400. తేడా లేదు. ఇప్పుడు గడువు దాటి ఉన్నందుకు పెట్టిన 6 కేసులు ఆ 8కి కలపండి. 14 అయింది, రేటు 700కి ఎక్కింది. ఆ 6 కేసులు స్థానికుల మీద పెట్టడానికే వీల్లేదు, ఎంత చెడ్డవాడైనా సొంత దేశంలో గడువు దాటలేడు. జర్మనీ పోలీసు లెక్కలు ఈ కారణంగానే విదేశీయుల చట్టం ఉల్లంఘనలు కలిపి ఒక మొత్తం, తీసేసి ఒక మొత్తం ఇస్తాయి. మన ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) పుస్తకంలోనూ ఫారినర్స్ చట్టం కేసులు ప్రత్యేక, స్థానిక చట్టాల పద్దులోకి వెళ్తాయి, శిక్షాస్మృతి కేసుల్లో కలవవు. రాసేవాళ్లు రెండు పద్దులూ కూడేసి శీర్షిక పెడితే తప్పు అక్కడ మొదలవుతుంది.

రెండో చిక్కు కింద అంకెతో, అంటే భాగించే జనాభాతో. కాగితాలు లేనివాళ్లు జనాభా లెక్కవాడికి తలుపు తీయరు. 2,000 మందిలో 1,000 మందే లెక్కకు వస్తే అవే 8 కేసులు లక్షకు 800 అవుతాయి. తప్పు వైపుకు రెట్టింపు!

మూడోది వయసు. ఎక్కడైనా నేరాల్లో ఎక్కువ పాలు పడుచు మగవాళ్లది. వలస వచ్చేదీ ఎక్కువగా వాళ్లే. కాబట్టి 18 నుంచి 40 ఏళ్ల మగవాళ్లను అదే వయసు స్థానిక మగవాళ్లతో పోల్చాలి గానీ, ముసలివాళ్లూ బడిపిల్లలూ కలిసిన ఊరు మొత్తంతో కాదు. ఇంకొకటి, ఇది పైవాటికి ఎదురు దిశలో లాగేది: దెబ్బలు తిన్న మనిషికి స్టేటస్ లేకపోతే పోలీసు స్టేషన్ గడప ఎక్కడు. తోటి వలసవాళ్ల మీద జరిగిన నేరాలు లెక్కకే రావు.

వీటిలో కొన్ని చిక్కులు తప్పించుకున్న లెక్కలు టెక్సాస్‌వి. అక్కడ అరెస్టయిన ప్రతివాడి వేలిముద్రలూ కేంద్ర సంస్థకు వెళ్లి స్టేటస్ తేలుతుంది. 2012 నుంచి 2018 దాకా ఉన్న ఆ వివరాల మీద 2020లో వచ్చిన అధ్యయనం ప్రకారం, అనుమతి లేనివాళ్లతో పోలిస్తే అమెరికాలో పుట్టిన పౌరులు హింసాత్మక నేరాల్లో 2 రెట్లకు పైగా, మాదకద్రవ్యాల కేసుల్లో 2.5 రెట్లు, ఆస్తి నేరాల్లో 4 రెట్లకు పైగా ఎక్కువగా అరెస్టయ్యారు. ఇవి అరెస్టులు, శిక్షలు కావు. తెలుగులో రాసేటప్పుడు ‘నేరాలు చేశారు’ అని మార్చేయకండి.

నెల్లూరు

‘నేరం’ దగ్గర కూడా జాగ్రత్త కావాలి. అమెరికాలో అనుమతి లేకుండా సరిహద్దు దాటడం చిన్న నేరం, మొదటిసారైతే 6 నెలల దాకా జైలు. వీసా గడువు దాటి ఉండిపోవడం మాత్రం నేరమే కాదు, పంపించేయదగిన సివిల్ ఉల్లంఘన. మన దగ్గర అట్లా కాదు. 1946 ఫారినర్స్ చట్టం కిందా, దాని స్థానంలో వచ్చిన 2025 చట్టం కిందా గడువు దాటి ఉండటం శిక్షపడే నేరమే. అందుకని అమెరికా వార్తను తెలుగు చేస్తూ ‘గడువు దాటిన నేరానికి’ అని రాస్తే అబద్ధం అవుతుంది. అక్కడ ‘ఉల్లంఘన’ అనాలి.

చీమకుర్తి

అన్నా, ఒక మనవి. మన గ్రానైట్ క్వారీల్లోని ఒడిశా, బీహారు కూలీలకు ఈ మాటలేవీ తగిలించొద్దు. దేశంలో ఎక్కడైనా ఉండే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది. వాళ్లకు స్టేటస్ అన్న ప్రశ్నే లేదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కూడా లైసెన్సు తీసుకోమన్నది కంట్రాక్టరును. తీసుకోకపోతే అక్రమం ఆయనది, కూలీది కాదు.

కావలి

హోదాయే నేరాన్ని పుట్టించడం మన జిల్లాకు కొత్త కాదు. 1911 నేరస్థ జాతుల చట్టం కింద కావలిలో ఎరుకల సెటిల్మెంటు పెట్టి అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు అప్పగించారు. హాజరుకు రాకపోతే నేరం, చీటీ లేకుండా హద్దు దాటితే నేరం. పక్క ఊళ్లో బంధువు ఇంటికి చీటీ లేకుండా పోయినా పట్టుకునేవాళ్లు. అదే పని సెటిల్మెంటు బయటివాడు చేస్తే ప్రయాణం. ఆ కేసులన్నీ కూడి ‘చూశారా, ఈ జాతిలో నేరాలు ఎక్కువ’ అన్నారు. 1952లో చట్టం పోయాక వచ్చిన మాట ‘విముక్త జాతులు’. అక్కడ విశేషణం మార్చుకున్నాం కదా, ఇక్కడ మార్చుకోవడానికి అడ్డేముంది?

ఒంగోలు, ప్రశ్న పెట్టినవారు

అందరికీ దండాలు. ‘అనుమతి లేని వలస’ అని విశేషణాన్ని పనికే కట్టేస్తే, ‘అనుమతి లేకుండా ఉంటున్నవారిలో అరెస్టుల రేటు’ అని రేటును విప్పి చెబితే సరిపోతుందనుకుంటున్నా. శీర్షికలో పొడుగవుతుందేమో?

నెల్లూరు

శీర్షికకు ‘అనుమతి లేనివారిలో అరెస్టులు’ అని పెట్టి, మొదటి వాక్యంలో ఏ అనుమతో చెప్పమ్మా. ‘అక్రమ వలసదారుల నేరాలు’ మూడు మాటలే, ఇదీ మూడే.