‘కొవ్వు కణాలు’ అంటే ఏ కణాలు? లిపిడ్ నానోపార్టికల్‌కి తెలుగు మాట కావాలి

ప్రశ్న (విజయవాడ)
ఒక ఆరోగ్య పత్రికకి ప్రూఫులు దిద్దుతున్నాను. వ్యాసంలో ఈ వాక్యం ఉంది: ‘ఎంఆర్‌ఎన్‌ఏను అతిసూక్ష్మ కొవ్వు కణాల కవచంలో ఉంచి శరీర కణాల్లోకి డెలివరీ చేస్తారు.’ ఏ కణం ఏ కణంలోకి పోతోందో రెండోసారి చదివితే గానీ తెలియలేదు. ఆ ‘కొవ్వు కణం’ ఇంగ్లిషులో లిపిడ్ నానోపార్టికల్. దానికి మంచి తెలుగు మాట ఉందా? అలాగే ఎంఆర్‌ఎన్‌ఏని, అంటే ప్రొటీన్ తయారీ సూచనల్ని కణానికి అందించే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏని, ‘రాయబారి’ అనాలా, ‘వార్తాహర’ అనాలా?

జవాబు (రాజమండ్రి, రిటైర్డ్ లెక్చరర్)
తంటా అంతా ‘కణం’ దగ్గరే ఉందండీ. ఫిజిక్స్ మాస్టారికి ఎలక్ట్రాన్ కణమే, జువాలజీ మాస్టారికి రక్తకణమూ కణమే. పార్టికల్‌కీ సెల్‌కీ ఒకే మాట వాడుకుంటూ ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాం. పైగా ‘కొవ్వు కణాలు’ అంటే ఒంట్లో కొవ్వు దాచుకునే జీవకణాలని పత్రికల్లో ఎప్పుడో స్థిరపడిపోయింది. పార్టికల్‌కి ‘రేణువు’ వాడండి. ఇసుక రేణువు, పుప్పొడి రేణువు అంటే ఎవరూ తడబడరు.

జవాబు (ఒంగోలు)
రేణువు అంటే దుమ్ము గుర్తొస్తుంది. ‘గుళిక’ అయితే? మందు అనే అర్థమూ వస్తుంది.

జవాబు (రాజమండ్రి)
మా గోదావరి జిల్లాల్లో గుళికలంటే వరిచేలో చల్లే పురుగుమందు. ఆరోగ్య వ్యాసంలో ఆ మాట పెడితే ఉన్న టెన్షన్ చాలక ఇంకొకటి.

జవాబు (డల్లాస్)
పిల్లలకి కూడా తెలిసేలా ‘కొవ్వు బుడగ’ అనొచ్చుగా? లేదా సంస్కృతంలో ‘స్నేహం’ అంటే నూనె, జిడ్డు. ఆయుర్వేదంలో స్నేహపానం అంటారు కదా. ‘స్నేహ రేణువు’ ఎలా ఉంది?

జవాబు (ఒంగోలు)
ఎవరో రేణుకగారికి ఫ్రెండ్‌షిప్ డే శుభాకాంక్షలు చెప్పినట్టుంది.

జవాబు (హైదరాబాద్, మందుల ఫార్ములేషన్ విభాగం)
మా ల్యాబులో లిపిడ్ నానోపార్టికల్‌ని అందరూ పొట్టిగా ‘ఎల్‌ఎన్‌పి’ అనే అంటారు, తెలుగు మాట అవసరమే పడదు. కానీ పై మాటల్లో ఒక్కొక్కటీ ఆ వస్తువు గురించి ఏదో ఒకటి చెప్పేస్తోంది. అది నిజమా కాదా చూడాలి.

బుడగ అంటే లోపల బోలుగా ఉండాలి. అది లైపోసోమ్‌కి సరిపోతుంది. 1960లలో ఇంగ్లండులో అలెక్ బాంగమ్ చూపించింది అదే: చుట్టూ రెండు పొరల లిపిడ్ గోడ, లోపల నీళ్లు. 1995లో అమెరికాలో అనుమతి వచ్చిన డాక్సిల్ అనే క్యాన్సర్ మందు ఆ బాపతే. మనం మాట్లాడుతున్న రేణువు వేరు. కాస్త నీరు చిక్కుకుని ఉంటుంది గానీ, లోపల లిపిడ్లూ ఆర్‌ఎన్‌ఏ పోగులూ కలిసి ముద్దగా ఉంటాయి. అడ్డంగా కొలిస్తే సుమారు 80 నుంచి 100 నానోమీటర్లు.

ఇక ‘కొవ్వు’. ఫైజర్ కోవిడ్ టీకా రేణువులో ప్రతి 100 లిపిడ్ అణువుల్లో సుమారు 46 ఏఎల్‌సి-0315 అనే ప్రత్యేక లిపిడ్, 43 దాకా కొలెస్ట్రాల్, 9 డీఎస్‌పీసీ అనే ఫాస్ఫోలిపిడ్, మిగిలిన రెండుకి లోపు పెగ్ (పాలిఇథిలీన్ గ్లైకాల్) తగిలించిన లిపిడ్. మోడెర్నాలో మొదటిదాని స్థానంలో ఎస్‌ఎం-102 ఉంటుంది. వంటింట్లో మనం కొవ్వు అనేది ట్రైగ్లిజరైడ్. ఈ నాలుగింటిలో అది లేనే లేదు! కాబట్టి లిపిడ్‌ని లిపిడ్‌గానే ఉంచండి. కొలెస్ట్రాల్ అన్న మాట లాబ్ రిపోర్టుల పుణ్యమా అని అందరికీ వచ్చేసింది, ఇదీ వస్తుంది.

అన్నిటికంటే నాకు ఇబ్బందిగా అనిపించేది ‘కవచం’. కర్ణుడి కవచం ఒంటిని అంటుకునే ఉంటుంది, కోస్తే గానీ రాదు. ఇక్కడ కావలసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. తయారీలో లిపిడ్లని ఆల్కహాల్‌లో, ఆర్‌ఎన్‌ఏని ఆమ్లపు నీళ్లలో కరిగించి, సన్నని దారుల్లో వేగంగా కలుపుతారు. ఆమ్లంలో ఆ ప్రత్యేక లిపిడ్‌కి ధనావేశం వస్తుంది. ఆర్‌ఎన్‌ఏది ఋణావేశం, పట్టుకుంటుంది. తర్వాత ఆల్కహాలూ ఆమ్లమూ తీసేసి పీహెచ్ (ఆమ్లత్వపు కొలత) 7.4 దగ్గరికి తెస్తే ఆవేశం దాదాపు పోతుంది. రక్తం పీహెచ్ కూడా అంతే కాబట్టి ఒంట్లో తిరిగేటప్పుడు గొడవ చేయదు. ఎప్పుడూ ధనావేశంతోనే ఉండే లిపిడ్లతో విషప్రభావం ఎక్కువ. ఈ చిక్కు విప్పడంలో కెనడాలోని వాంకోవర్‌లో పీటర్ కలిస్ బృందం పని చాలా ఉంది.

కణం ఈ రేణువుని ఎండోసోమ్ అనే చిన్న సంచిలోకి మింగుతుంది. ఆ సంచిలో ఆమ్లం పెరుగుతుంది. లిపిడ్‌కి మళ్లీ ధనావేశం వస్తుంది, సంచి గోడతో కలబడి దాన్ని చెదరగొడుతుంది, ఆర్‌ఎన్‌ఏ బయటపడుతుంది. అయితే ఇలా బయటపడేది నూటికి ఏ కొద్దిగానో. మిగిలింది ఆ సంచిలోనే అరిగిపోతుంది. ఈ రంగంలో ఇప్పటికీ పెద్ద తలనొప్పి ఇదే. రాసే మాటలో ‘రక్షణ’ ఒక్కటే వినిపిస్తే ఈ సగం కథ కనపడదు.

‘శరీర కణాల్లోకి’ అన్నది కూడా మరీ వదులుగా ఉందండీ. నరంలోకి ఎక్కిస్తే ఈ రేణువులు ఎక్కువగా కాలేయానికే పోతాయి. రక్తంలోని అపోఈ అనే ప్రొటీన్ వాటికి అంటుకుంటుంది, కాలేయ కణాలు ఎల్‌డీఎల్ గ్రాహకాలతో (రక్తంలో కొలెస్ట్రాల్ మోసే రేణువుల్ని పట్టుకునేవి) లోపలికి లాక్కుంటాయి. 2018లో అమెరికాలో అనుమతి పొందిన పాటిసిరాన్, ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రొటీన్ తయారీని కాలేయంలోనే తగ్గించే మందు (అందులో ఉండేది మెసెంజర్ కాదు, ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ, అంటే ఒక జన్యువు పనిని అణిచే చిన్న ఆర్‌ఎన్‌ఏ). 2025లో ఫిలడెల్ఫియాలో సీపీఎస్1 (ఒంట్లోని అమోనియాని వదిలించే కాలేయ ఎంజైమ్) లోపంతో పుట్టిన పసివాడికి జన్యువు దిద్దే ఎంజైమ్ తాలూకు ఎంఆర్‌ఎన్‌ఏని ఈ రేణువుల్లోనే ఎక్కించారు. ఆ జబ్బు మూలం కాలేయంలో ఉండబట్టే అది వీలైంది. కండకి ఇచ్చే టీకా దారి వేరు, ఎక్కువగా ఆ చుట్టుపక్కలే, దగ్గరి లింఫ్ గ్రంథుల్లో పనిచేస్తుంది. మీ రచయిత దేని గురించి రాస్తున్నారో అడగండి.

జవాబు (డల్లాస్)
బుడగ వెనక్కి తీసుకున్నాను. మరి డెలివరీ?

జవాబు (రాజమండ్రి)
ఆరోగ్య పత్రికలో డెలివరీ అంటే కాన్పే. పోస్టాఫీసులో ‘బట్వాడా’ ఉంది, కానీ అది వాకిట్లో ఇచ్చిపోవడం. ఇక్కడ ఇల్లు దూరాలి. ‘చేరవేత’ చాలు.
రాయబారి నాకు నచ్చదు. కౌరవసభకి కృష్ణుడు వెళ్లింది రాయబారం: ఇటు మాట అటు చెప్పాలి, బేరమాడాలి, జవాబు పట్టుకు రావాలి. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ జవాబు తేదు. దాన్ని చదివి ప్రొటీన్ చేసుకున్నాక కణమే ముక్కలు చేసేస్తుంది. అర్థం ప్రకారం ‘వార్తాహర’ సరైనది, నోటికి మాత్రం బరువు. మొదటిసారి ‘వార్తాహర ఆర్‌ఎన్‌ఏ’ అని చెప్పి, తర్వాత ఎంఆర్‌ఎన్‌ఏ అనుకుంటూ పోండి.

ప్రశ్న వేసినవారు
రచయితని అడిగాను, కాలేయ జబ్బుల చికిత్స గురించేనట. వాక్యం ఇలా మార్చాను: ‘ఎంఆర్‌ఎన్‌ఏను లిపిడ్ నానో రేణువుల్లో చుట్టి నరంలోకి ఎక్కిస్తారు. కాలేయ కణాలు ఆ రేణువుల్ని మింగుతాయి. కణంలోని ఆమ్లపు సంచిలో రేణువు విచ్చిపోయి, కొంత ఎంఆర్‌ఎన్‌ఏ బయటికి వస్తుంది.’

జవాబు (హైదరాబాద్)
‘కొంత’ అన్నందుకు థాంక్సండీ. ‘చుట్టి’ అంటే మళ్లీ పైపొర అనుకుంటారు, ‘ఇమిడ్చి’ అనండి.

జవాబు (ఒంగోలు)
సంచి కంటే ‘తిత్తి’ బాగుంటుందేమో. పిత్తాశయానికి పైత్యపు తిత్తి అనే మాట ఉండనే ఉంది.