బడిలో బెత్తానికి ఎస్‌ఎంసీ తీర్మానం చేస్తే చెల్లుతుందా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
వచ్చే వారం మా ప్రాథమిక పాఠశాలలో ఎస్‌ఎంసీ (పాఠశాల యాజమాన్య కమిటీ) సమావేశం ఉంది. ఒడిశాలో ఒడియా మీడియం బడి. పిల్లల్లో సగానికి పైగా ఇంట్లో తెలుగే మాట్లాడతారు. "పిల్లలకు భయం పోయింది, మాస్టార్లకు బెత్తం వాడే అనుమతిద్దాం, తల్లిదండ్రులందరం సంతకాలు పెడదాం" అని కొందరు తీర్మానం రాసుకొచ్చారు. ఇంకొందరు వద్దంటున్నారు. ఆ కాగితం చెల్లుతుందా? గుంజీళ్ళు, గోడకుర్చీ కూడా తప్పేనా? దెబ్బ తగిలితే ఎవరికి, ఏ వరుసలో రాయాలి? అన్నిటికన్నా ముఖ్యంగా, బెత్తం లేకుండా తరగతి ఎలా నడపాలి? దీనికి జవాబు లేకపోతే వద్దనేవాళ్ళ మాట సమావేశంలో నిలబడదు.

ఋషికుల్య (బరంపురం):
చెల్లదండీ. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును రెండింటినీ నిషేధించింది. అతిక్రమించిన ఉపాధ్యాయుల మీద సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలంది. 2010 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. తల్లిదండ్రులు ఒప్పుకుంటే ఫరవాలేదనే మినహాయింపు ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. వంద సంతకాలున్నా ఆ తీర్మానం మాస్టారిని కాపాడదు. పైగా రేపు విచారణ వస్తే, ఈ బడిలో కొట్టడం ముందే అనుకుని చేస్తున్న పని అనడానికి ఆ కాగితమే సాక్ష్యం. మాస్టార్ల మేలు కోరేవాళ్ళే ముందు దాన్ని వెనక్కి తీసుకోవాలి.

గుంజీళ్ళూ, గోడకుర్చీ రెండూ తప్పే. జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాల ప్రకారం గిల్లడం, చెవి మెలిపెట్టడం, మోకాళ్ళ మీద నిలబెట్టడం, గదిలో పెట్టి గడియ వేయడం అన్నీ శారీరక శిక్షలే. వెక్కిరించడం, పేర్లు పెట్టడం మానసిక వేధింపు. "తెలుగోడివి, నీకు ఒడియా ఎక్కడొస్తుంది" అని తరగతి అంతా నవ్వేలా అనడం కూడా ఈ కోవలోనిదే. మన జిల్లాల్లో దీని మీద ఫిర్యాదులు రాసేవాళ్ళు లేరు, రాయాలి.

ఫిర్యాదు వరుస ఇదీ. మొదట ప్రధానోపాధ్యాయుడికి, ఎస్‌ఎంసీకి ఒకే కాగితం ఇవ్వండి. ఒడియాలో రాయండి, తెలుగులో రాస్తే అనువాదం కోసమని బల్ల మీదే ఉండిపోతుంది. తేదీ, సమయం, ఏ పీరియడ్, దేనితో కొట్టారు, శరీరంలో ఎక్కడ, చూసినవాళ్ళెవరు: ఈ ఆరూ ఉంటే చాలు, విశేషణాలు వద్దు. నకలు మీద తేదీతో అందినట్టు సంతకం తీసుకోండి. ఇవ్వనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. కదలిక లేకపోతే బీఈఓకి (బ్లాకు విద్యాధికారి), ఆ తర్వాత డీఈఓకి (జిల్లా విద్యాధికారి). 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదిస్తే మూడు నెలల్లో తేల్చాలి. అది నచ్చకపోతే భువనేశ్వర్‌లోని రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు. గాయం పెద్దదైతే ఈ వరుస కోసం ఆగొద్దు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, పోలీసు స్టేషన్‌కు వెళ్ళండి.

ఫిర్యాదు చేస్తే టీసీ చేతిలో పెడతారని చాలామంది వెనకాడతారు. 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లవాణ్ణి బడి నుంచి తీసేయడానికి వీల్లేదు.

ఒక చిక్కు మాత్రం తెలిసి ఉండాలి. ఈ చట్టం 6 నుంచి 14 ఏళ్ళ వాళ్ళకే. మైనారిటీ సంస్థలు నడిపే బడులకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటిచోట, తొమ్మిది, పది తరగతుల్లోనూ గాయపరిచిన నేరానికి భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) ఉంది. 18 ఏళ్ళ లోపు అందరికీ 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ఉంది. పిల్లల సంరక్షణ బాధ్యత ఉన్న సంస్థలో పనిచేసేవాళ్ళే క్రూరంగా ప్రవర్తిస్తే 5 ఏళ్ళ దాకా కఠిన కారాగారం, 5 లక్షల దాకా జరిమానా.

నాగావళి (రాయగడ):
చట్టం సరేనండీ. మాస్టారి వైపు కూడా చూడండి. ఒక్కరే మూడు తరగతులు చూస్తారు. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే వెనకాల మూడో తరగతి వాళ్ళు కొట్టుకుంటారు. ఇంట్లో మనమే "అల్లరి చేస్తే నాలుగు తగిలించండి మాస్టారూ" అని అప్పజెప్పి వస్తాం. చేతిలో ఉన్న ఒక్క సాధనమూ లాక్కుంటే బదులుగా ఏమిస్తున్నాం?

వంశధార (గుణుపురం):
సరైన ప్రశ్న. మొదటి జవాబు మనుషుల లెక్క. విద్యా హక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు ఉండాలి. సమావేశంలో ముందు హాజరు పట్టీ తెరిచి ఈ లెక్క చూడండి. ఖాళీ ఉంటే బెత్తం తీర్మానం బదులు పోస్టు భర్తీ చేయమని బీఈఓకి తీర్మానం పంపండి. ఎస్‌ఎంసీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే, ఆ అధికారం దీనికి వాడండి.

రెండోది, సరిహద్దు బడుల్లో దెబ్బలు ఎక్కడ పడుతున్నాయో చూడాలి. అల్లరికి పడేవి కొన్నే. ఎక్కువ భాగం "చెప్పింది చేయలేదు" అనే కారణానికి. మన పిల్లవాడికి చెప్పింది అర్థమే కాలేదు.

లెక్కల పీరియడ్ చూడండి. తెలుగులో ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది అని వరుసగా సాగుతుంది. ఒడియాలో 29 అంటే అణతిరిశ, 39 అంటే అణచాళిశ. పిల్లవాడి చెవికి "తిరిశ" (ముప్పై) వినబడుతుంది, పలక మీద 30 వేస్తాడు. ఒడియా 4 అంకె చూడ్డానికి 8లా ఉంటుంది కాబట్టి ఇంట్లో ఇంగ్లీషు అంకెలు నేర్చుకుని వచ్చినవాడు అక్కడా తప్పుతాడు. చదివేటప్పుడు మన పిల్లలు "కమల" అంటారు, ఒడియాలో అది "కొమొళొ". ప్రతి అక్షరంలో "అ" బదులు "ఒ" పలకాలని ఎవరూ విడిగా చెప్పరు. ఇవన్నీ భాష తప్పులు. కొడితే పోవు, పిల్లవాడు నోరు మూసుకుంటాడు. ఆ మౌనాన్ని పొగరనుకుంటారు, మళ్ళీ దెబ్బ.

చేయగలిగింది: 19, 29, 39, 49 ఇలా తొమ్మిదితో ముగిసే సంఖ్యలకు ఒడియా పేరు, తెలుగు పేరు, అంకె కలిపి ఒక చార్టు గోడకు కట్టండి. ఇంట్లో రోజూ పది నిమిషాలు వాటినే వల్లె వేయించండి. ఒకటో తరగతిలో చేరే ముందే రెండు వాక్యాలు నేర్పండి: "ముఁ బుఝి పారిలి నాహిఁ" (నాకు అర్థం కాలేదు), "ఆఉ థొరే కుహంతు" (ఇంకోసారి చెప్పండి). ఈ మాట అన్నందుకు ఎవరినీ కోప్పడకూడదని మాస్టార్లతో ఒప్పందం చేసుకోండి. నా లెక్కలో సగం శిక్షలు ఇక్కడే ఆగుతాయి.

మిగిలిన అల్లరికి: నియమాలు ఐదుకు మించొద్దు, రెండు భాషల్లో రాయండి. తప్పుకు ఫలితం తప్పుకు సంబంధించిందే అయ్యుండాలి: కాగితాలు చింపితే ఏరాలి, పక్కవాడి పుస్తకం పాడుచేస్తే అట్ట వేసివ్వాలి. భోజనం, ఆటల పీరియడ్ ఆపొద్దు. ఒంట్లో ఉన్న ఉరుకు తీరే దారి ఆటే. మూడు తరగతులు ఒకే గదిలో ఉంటే ఒకరికి పాఠం, ఒకరికి రాత, ఒకరికి జతల్లో చదువు ముందే పంచి 20 నిమిషాలకోసారి మార్చాలి. పని లేకుండా కూర్చున్న గుంపు దగ్గరే గొడవ మొదలవుతుంది.

ప్రాణహిత (సిరొంచ):
మా గడ్చిరోలి దిక్కు మరాఠీ బడుల్లో కూడా గదే తిప్పలు. 29కి ఎకోణతీస్ అంటరు, పిలగాడు 30 రాస్తడు. మా పిల్లలకు నేర్పాల్సిన మాట "సర్, మలా సమజలం నాహీ". ఫిర్యాదు జడ్పీ బడి అయితే కేంద్ర ప్రముఖ్ (కొన్ని బడుల గుంపుకు పెద్ద), గట శిక్షణాధికారి (బ్లాకు విద్యాధికారి), ఆ మీద శిక్షణాధికారి (జిల్లా విద్యాధికారి). సర్కారు ఆశ్రమశాల (ఆదివాసీ పిల్లల హాస్టల్ బడి) అయితే వీళ్ళకు కాదు, ఆదివాసీ అభివృద్ధి ప్రాజెక్టు ఆఫీసుకు రాయాలె. తప్పు ఆఫీసుకు పోయిన కాగితం నెలలు తిరుగుతది.

దెబ్బ తగిలినంక ఇంట్ల చేసే తప్పులు రెండున్నయి. చెంప మీద, చెవి మీద కొడితే గాలి ఒత్తిడికి కర్ణభేరి చిరగొచ్చు. చెవిల హోరు, సరిగ వినబడకపోవుడు, నీరు లేదా నెత్తురు కనిపిస్తే నూనె పోయొద్దు, నీళ్ళు తగలనియ్యొద్దు, ఈఎన్‌టీ డాక్టరుకు చూపెట్టాలె. ఇంకోటి, వందల గుంజీళ్ళు తీయిస్తే కండరాలు దెబ్బతిని వాటిల పదార్థం నెత్తురుల కలిసి మూత్రపిండాలకు చేరుతది. ఒకటి రెండు రోజులకు తొడలు విపరీతంగ నొచ్చి, మూత్రం చాయ్ (టీ) రంగుల వస్తే అదే రోజు పెద్దాసుపత్రికి తీస్కపోవాలె, మాలిష్ చేసుకుంట కూసోవద్దు.

వాతలు తేలితే పగటి వెలుతురుల, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. కమిలిన రంగు మర్నాడు ఎక్కువ తేలుతది, అందుకే రెండో రోజు కూడ తీయాలె. సర్కారు దవాఖానల ఎట్ల తగిలిందో ఉన్నదున్నట్టు చెప్పి చీటీల రాయించండి. "కింద పడ్డడు" అని ఒక్కసారి రాయిస్తే తర్వాత మార్చుడు కష్టం.

ఋషికుల్య (బరంపురం):
తీర్మానం ఇలా పెట్టొచ్చు, ఒడియాలోకి మార్చుకోండి: "ఈ బడిలో ఏ రూపంలోనూ శారీరక శిక్ష, భాష పేరుతో హేళన ఉండవు. ఉపాధ్యాయుల ఖాళీల గురించి బీఈఓకి ఈ రోజే లేఖ పంపుతాం. ఫిర్యాదుల పుస్తకం ఎస్‌ఎంసీలోని తల్లి సభ్యురాలి దగ్గర ఉంటుంది. ప్రతి సమావేశంలో మొదట దాన్నే చదువుతాం." పుస్తకానికి పేజీ నంబర్లు ముందే వేయించండి, మధ్యలో కాగితం పోతే తెలుస్తుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
హాజరు పట్టీ చూశాను. పిల్లలు 74, ఉపాధ్యాయులు ఇద్దరు. ముందు ఆ లేఖే పెడతాను.