మొదటి ట్రాక్ డేకి రోడ్డు టైర్లు సరిపోతాయా, సెమీ-స్లిక్‌లు కావాలా? (ఐ20 ఎన్ లైన్, బెంగళూరు నుంచి ఇరుంగాట్టుకోట్టైకి)

వైట్‌ఫీల్డ్_ఎన్‌లైన్:
అందరికీ నమస్కారం. వచ్చే నెల చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో ట్రాక్ డే (మన కారుని రేస్ ట్రాక్ మీద నడిపే రోజు) ఉంది, పేరు ఇచ్చాను. ట్రాక్ మీద ఇదే మొదటిసారి. కారు ఐ20 ఎన్ లైన్, టైర్లు కంపెనీ ఇచ్చినవే, 195/55 ఆర్16. ట్రెడ్ దాదాపు 4 మి.మీ. మిగిలి ఉంది. రోజూ ఆఫీసుకి కూడా ఇదే కారు. ట్రాక్‌కి కూడా ఇందులోనే వెళ్ళి ఇందులోనే తిరిగి రావాలి.

ఫ్రెండ్స్‌లో సగం మంది "రోడ్డు టైర్లతో వెళ్తే ఒక్క రోజులో నాశనం అవుతాయి, సెమీ-స్లిక్‌లు వేసుకో" అంటున్నారు (గాడులు తక్కువ, గ్రిప్ ఎక్కువ ఉండే ట్రాక్ రకం టైర్లు). మిగతావాళ్ళు "ఉన్నవాటితోనే వెళ్ళు" అంటున్నారు. ఒకాయన వాడిన 195/50 ఆర్15 సెమీ-స్లిక్‌లు వీల్స్‌తో సహా ఇస్తానంటున్నారు. ఏది మంచిది? గాలి ఎంత పెట్టాలి? నైట్రోజన్ వల్ల ఉపయోగం ఉందా?

అంబత్తూరు_టార్క్:
ఉన్న టైర్లతోనే వెళ్ళండి. డబ్బు మిగులుతుందని మాత్రమే ఈ మాట అనడం లేదు. ఖర్చు ఒక్క రూపాయి కూడా తేడా లేకపోయినా మొదటి రోజుకి రోడ్డు టైరే సరైనది.

కారణం టైరు గ్రిప్ వదిలే తీరులో ఉంది. మలుపులో చక్రం చూస్తున్న దిశకీ, నిజంగా కదులుతున్న దిశకీ మధ్య కొంచెం కోణం వస్తుంది, దాన్నే స్లిప్ యాంగిల్ అంటారు. ఆ కోణం పెరిగేకొద్దీ గ్రిప్ కూడా ఒక హద్దు దాకా పెరుగుతుంది, తర్వాత తగ్గుతుంది. రోడ్డు టైరులో ఆ హద్దు వెడల్పుగా ఉంటుంది. హద్దుకి ముందే సన్నగా కూత మొదలవుతుంది, స్టీరింగ్ తేలికవుతుంది, దాటాక కూడా మెల్లగానే జారుతుంది. సర్దుకోవడానికి మీకు సమయం దొరుకుతుంది. సెమీ-స్లిక్‌లో హద్దు ఎత్తుగా, ఇరుకుగా ఉంటుంది. కూత తక్కువ, హెచ్చరిక తక్కువ, వదిలేస్తే ఒక్కసారిగా వదిలేస్తుంది. అదీ ఎక్కువ వేగంలో. నేర్చుకునేవాళ్ళకి టైరు చెప్పే మాట ముఖ్యం, ల్యాప్ టైమ్ కాదు.

రెండోది, సెమీ-స్లిక్ తప్పుల్ని దాచేస్తుంది. మలుపులోకి వేగంగా దూరినా, బ్రేక్ ఆలస్యంగా తొక్కినా, స్టీరింగ్ గుంజినా గ్రిప్ ఎక్కువ కాబట్టి కారు తిరిగేస్తుంది, మీరు సరిగ్గానే నడిపాననుకుంటారు. రోడ్డు టైరు అదే తప్పుకి వెంటనే ముక్కు బయటికి తోస్తుంది. ఇది ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు కదా, మీకు ఎక్కువగా ఎదురయ్యేది ఈ అండర్‌స్టీరే. అప్పుడు స్టీరింగ్ ఇంకా తిప్పకండి, కొంచెం వెనక్కి తెరవండి, యాక్సిలరేటర్ కొంచెం తగ్గించండి. ఒక్కసారిగా కాలు తీసేస్తే బరువు ముందుకి దూకి, తేలికైన వెనక భాగం తిరిగిపోతుంది. ఈఎస్‌సీ (కారు జారినప్పుడు దానంతట అదే సర్దే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) ఆన్‌లోనే ఉంచండి.

మూడోది చాలామంది పట్టించుకోరు. గ్రిప్ పెరిగితే ఆ బలాన్ని మిగతా కారు మొత్తం మోయాలి. బ్రేకుల్లో వేడి పెరుగుతుంది. వీల్ బేరింగులు, బుష్‌లు, బాల్ జాయింట్ల మీద భారం పెరుగుతుంది. పొడవాటి మలుపుల్లో ఇంజిన్ ఆయిల్ సంప్‌లో (ఇంజిన్ అడుగు తొట్టిలో) ఒక పక్కకి చేరిపోయి పంపుకి అందకుండా పోయే ప్రమాదం కూడా గ్రిప్‌తో పాటే పెరుగుతుంది. ఏ టైరు వేసినా ఆయిల్ మట్టం డిప్‌స్టిక్ పై గీత దగ్గర ఉంచండి, దాటించకండి.

సెమీ-స్లిక్‌లకి పెట్టే డబ్బులో చిన్న భాగం బ్రేకులకి పెట్టండి. మొదటి ట్రాక్ డేలో ముందుగా చేతులెత్తేసేది సాధారణంగా బ్రేకే. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లో తేమ పీల్చుకుంటుంది, దాంతో మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. డాట్ 3 అనే ఫ్లూయిడ్ ప్రమాణం ప్రకారం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీలు, తేమ పట్టాక 140. డాట్ 4కి 230, 155. డాట్ 5.1కి 260, 180. ఫ్లూయిడ్ మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ నేలకి దిగిపోతుంది. వెళ్ళే ముందు వారంలో సీల్ తీయని కొత్త డబ్బాతో డాట్ 4 లేదా 5.1 మార్పించి, నాలుగు చక్రాల దగ్గరా బ్లీడ్ చేయించండి (లోపలి గాలి బుడగలు తీయించడం). డాట్ 5 పేరులో దగ్గరగా ఉన్నా అది సిలికాన్ రకం, మీ కారులో పోయకూడదు. ప్యాడ్ మందం సగానికి వచ్చి ఉంటే ప్యాడ్లు కూడా మార్చండి.

కేఆర్‌పురం_కేంబర్:
పైన చెప్పినవాటితో ఏకీభవిస్తాను. 4 మి.మీ. ట్రెడ్ గురించి మాత్రం ఒక మాట కలపాలి. అది లోపం కాదు, పొడి ట్రాక్ మీద మేలే. సరికొత్త టైరు ట్రెడ్ సుమారు 8 మి.మీ. ఎత్తు ఉంటుంది. ఆ పొడవాటి రబ్బరు దిమ్మలు మలుపులో అటూ ఇటూ ఊగి, లోపల వేడెక్కి, అంచులు ముక్కలుగా ఊడిపోతాయి. సగం అరిగిన టైరు గట్టిగా నిలబడుతుంది, వేడి త్వరగా వదులుతుంది. కాబట్టి ట్రాక్ డే కోసం కొత్త రోడ్డు టైర్లు మాత్రం కొనకండి. ఉన్నవి అరిగాక కొనుక్కోండి.

వెళ్ళే ముందు సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) లోపలి వైపు కూడా టార్చ్ వేసి చూడండి. ఉబ్బు, కోత, సన్న పగుళ్ళు, ప్లగ్ వేసిన పంక్చర్, వీటిలో ఏదున్నా ఆ టైరు ట్రాక్‌కి పనికిరాదు. టైరు పక్కన ముద్రించిన డాట్ కోడ్ (బ్రేక్ ఫ్లూయిడ్ డాట్ వేరు) చివర నాలుగు అంకెలు తయారీ తేదీ: 2223 అంటే 2023లో 22వ వారం. అయిదారేళ్ళు దాటితే ట్రెడ్ ఎంత ఉన్నా వద్దు.

ఇక గాలి సంగతి. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న అంకె చల్లటి టైరుకి, రోడ్డు వాడకానికి. టైరు లోపల దాదాపు ప్రతి 6 డిగ్రీల వేడికి గాలి ఒత్తిడి 1 పీఎస్ఐ పెరుగుతుంది. ట్రాక్ మీద నాలుగైదు ల్యాపుల్లో 6 నుంచి 8 పీఎస్ఐ పెరగడం మామూలే. అంటే 33తో బయల్దేరితే 40 దాకా వెళ్తుంది, టైరు మధ్యలో ఉబ్బి నేలకి ఆనే భాగం తగ్గుతుంది, వెన్న పూసినట్టు జారుతుంది. అలాగని ముందే 25కి దించేస్తే ఇంకా ప్రమాదం: సైడ్‌వాల్ మడత పడి టైరు భుజం (ట్రెడ్, సైడ్‌వాల్ కలిసే అంచు) నేలకి రాసుకుంటుంది, రబ్బరు లోపలి పొరలు విడిపోవచ్చు.

పద్ధతి ఇది. హైవే మీద స్టిక్కర్ ప్రకారమే ఉంచండి. ట్రాక్ దగ్గర ఉదయం టైర్లు చల్లగా ఉన్నప్పుడు రెండు మూడు పీఎస్ఐ మాత్రమే తగ్గించండి. సుద్దముక్కతో ప్రతి టైరు భుజం మీద, ట్రెడ్ అంచు నుంచి సైడ్‌వాల్ మీదకి ఒక గీత గీయండి. చాలా టైర్లకి అక్కడ చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. సెషన్ అయి పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటుకి) రాగానే, రెండు నిమిషాల్లోపు, ముందు టైర్లు మొదట కొలవండి. వేడి మీద 35-37 దగ్గర ఉండాలి. ఎక్కువ ఉంటే అక్కడికి వదలండి. సుద్ద త్రికోణం కొన దాకా చెరిగితే సరిగ్గా ఉన్నట్టు. అది దాటి సైడ్‌వాల్ మీద చెరిగితే గాలి తక్కువ. అసలు అక్కడికి రాకపోతే ఎక్కువ. రోజంతా ఒకే గేజ్ వాడండి, రెండు గేజ్‌ల మధ్య తేడా మీరు సరిచేసే తేడా కన్నా ఎక్కువ ఉండొచ్చు.

ఈ ట్రాక్ గడియారం దిశలో తిరుగుతుంది కాబట్టి ఎడమ వైపు టైర్లు, అందులోనూ ముందు ఎడమది ఎక్కువ వేడెక్కుతుంది. అక్కడ అంకె ఎక్కువ వస్తే గేజ్ పాడైందనుకోకండి.

నైట్రోజన్‌కి డబ్బు పెట్టొద్దు. మామూలు గాలిలో మూడొంతులకు పైగా నైట్రోజనే. తేడా తెచ్చేది కంప్రెసర్ నుంచి వచ్చే తేమ. ఒకసారి వేడి మీద గాలి వదిలి సరిచేశాక ఆ తేడాకి కూడా పెద్ద అర్థం ఉండదు.

వైట్‌ఫీల్డ్_ఎన్‌లైన్:
చాలా థ్యాంక్స్ అన్నా, ఇద్దరికీ. ఆ వాడిన సెమీ-స్లిక్‌ల మాట మాత్రం తేలలేదు. ఆయన తక్కువకే ఇస్తున్నారు, ట్రెడ్ కూడా బాగానే కనిపిస్తోంది. కనీసం తీసి పెట్టుకోనా?

పీణ్య_వీల్స్:
వద్దండి. లెక్క వేసి చూడండి.

195/55 ఆర్16 టైరు మొత్తం వ్యాసం సుమారు 621 మి.మీ. 195/50 ఆర్15ది 576. కారు 22 మి.మీ. కిందికి దిగుతుంది, స్పీడోమీటర్ 7-8 శాతం ఎక్కువ చూపిస్తుంది. ఆ సైజులో సాధారణంగా లోడ్ ఇండెక్స్ 82, అంటే ఒక్కో టైరుకి 475 కిలోలు. మీ సైజులో 87, అంటే 545 కిలోలు. పైగా 15 అంగుళాల వీల్ ముందు బ్రేక్ కాలిపర్‌కి (ప్యాడ్లని నొక్కే భాగానికి) తగులుతుందో లేదో పెట్టి చూస్తే తప్ప తెలియదు. బోల్ట్ కొలత 4×100 (100 మి.మీ. వృత్తంలో నాలుగు బోల్టులు), మధ్య రంధ్రం 54.1 మి.మీ. అయి ఉండాలి. రంధ్రం పెద్దదైతే ఆ ఖాళీ పూడ్చే హబ్ రింగులు లేకుండా బిగించకూడదు.

ఇవన్నీ కుదిరినా అసలు సమస్య రబ్బరు వయసు. సెమీ-స్లిక్‌ని ట్రెడ్ లోతు చూసి అంచనా వేయకూడదు. పూర్తిగా వేడెక్కి మళ్ళీ చల్లారిన ప్రతిసారీ ఆ రబ్బరు కొంత గట్టిపడుతుంది. ట్రెడ్ సగం ఉండగానే గ్రిప్ పోయిన టైర్లు ఉంటాయి. అమ్మేవాళ్ళ దగ్గర చవగ్గా దొరికేవి ఎక్కువగా అవే. గట్టిపడ్డ సెమీ-స్లిక్ కంటే మంచి రోడ్డు టైరు నయం, తడిలో అయితే మరీను.

ట్రెడ్‌వేర్ అంకె (ఎక్కువైతే టైరు నెమ్మదిగా అరుగుతుందని అర్థం) గురించి కూడా: టూరింగ్ టైర్లకి 300 నుంచి 500 ఉంటుంది, చురుకైన రోడ్డు టైర్లు 200 దగ్గర, సెమీ-స్లిక్‌లు 100 లేదా అంతకన్నా తక్కువ. టోయో ఆర్888ఆర్‌కి 100, యోకోహామా ఏ052కి 200. ఆ అంకె వేసేది తయారీదారే కాబట్టి ఒక బ్రాండ్ 200ని ఇంకో బ్రాండ్ 200తో పోల్చి నిర్ణయం తీసుకోకండి. 2020 జూన్ నుంచి బయటి దేశాల కొత్త టైర్ల దిగుమతి మీద ఆంక్షలున్నాయి. మీ సైజులో ఇలాంటివి వెతకడమే ఒక పని.

అంబత్తూరు_టార్క్:
వాన సంగతి ఎవరూ ఎత్తలేదు. చెన్నై వైపు ఈశాన్య రుతుపవనాలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. ఆ నెలల్లో మీ తేదీ పడితే సెమీ-స్లిక్ అన్న ఆలోచనే వదిలేయండి. గాడులు తక్కువ, నీటిని తోసేసే దారి లేదు, రబ్బరు చల్లారిపోతుంది. ట్రాక్ మీద వాన పడితే పిట్‌లో ఆగొచ్చు. తిరుగు ప్రయాణంలో వేలూరు, కృష్ణగిరి, హోసూరు మీదుగా 300 కిలోమీటర్లు రాత్రి వానలో నడపాల్సి వస్తే ఎక్కడ ఆగుతారు? అందుకే మీ 4 మి.మీ. టైర్లని కూడా సాయంత్రం కొలవండి. చట్టం ప్రకారం 1.6 మి.మీ. దాకా సరే, కానీ తడి హైవే మీద 3 మి.మీ. కంటే తక్కువైతే వేగం బాగా తగ్గించుకోవాలి. ముందు ఎడమ టైరు బయటి భుజం ప్రత్యేకంగా చూడండి.

మొదటి సెషన్‌లో రెండు ల్యాపులు టైర్లూ బ్రేకులూ వేడెక్కడానికి వదిలేయండి. తర్వాత నాలుగైదు ల్యాపులు నడపండి. కూత సన్నగా ఉన్నంత వరకు బాగున్నట్టు. కేకగా మారితే హద్దు దాటారు. చివరి ల్యాప్ బ్రేక్ దాదాపు తొక్కకుండా మెల్లగా రండి, పిట్‌లో హ్యాండ్‌బ్రేక్ వేయకండి, గేరులో వదిలి చక్రానికి అడ్డు పెట్టండి. వేడి డిస్క్‌ని ప్యాడ్ పట్టుకుని కూర్చుంటే ఆ ఒక్కచోట మచ్చ పడి తర్వాత పెడల్ అదురుతుంది. వీల్ నట్లు చల్లారాక టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో ఉన్న అంకెకి మళ్ళీ చూసుకోండి.

కేఆర్‌పురం_కేంబర్:
టైరు ఎప్పుడు మార్చాలన్నది కూడా చెప్పేస్తాను, తర్వాత అడుగుతారు కాబట్టి. వరస ల్యాపుల మధ్య తేడా ఒక సెకను లోపే ఉండాలి. బ్రేక్ వేసే చోటు ప్రతిసారీ అదే ఉండాలి. గాలి సరిగ్గా ఉండి, బ్రేకులు చల్లగా ఉండి, అయినా ప్రతి సెషన్‌లో నాలుగో ల్యాప్‌కే ముందు టైర్లు వేడెక్కి జారుతుండాలి. ఈ మూడూ కలిసి వచ్చినప్పుడే టైరు మిమ్మల్ని ఆపుతున్నట్టు.

అప్పుడు కూడా నేరుగా సెమీ-స్లిక్‌కి దూకొద్దు. ముందు అలైన్‌మెంట్. ఈ కార్లకి ముందు నెగెటివ్ కేంబర్ (చక్రం పైభాగం లోపలికి వంగి ఉండే కోణం) చాలా తక్కువ, అందుకే బయటి భుజం తినేస్తుంది. కేంబర్ బోల్టులతో ఒకటిన్నర డిగ్రీ దాకా తెచ్చి, టో (చక్రాలు నేరుగా ముందుకి చూస్తున్నాయా అన్న కొలత) మళ్ళీ సరిచేయిస్తే అదే రోడ్డు టైరు ఎక్కువసేపు నిలబడుతుంది. ఆ తర్వాత 16 అంగుళాల్లోనే రెండో వీల్స్ జత, దాని మీద దొరికిన మంచి వేసవి రకం రోడ్డు టైరు. వెనక సీటు మడిస్తే నాలుగు వీల్స్ కారులోనే పడతాయి, జాకీ, రెంచ్ కూడా. కానీ అవి కదలకుండా బెల్టుతో కట్టండి. ఒక్కోటి సుమారు 16-18 కిలోలు, గట్టిగా బ్రేక్ వేస్తే ముందుకి వచ్చేస్తాయి.

వైట్‌ఫీల్డ్_ఎన్‌లైన్:
అర్థమైందండీ. సెమీ-స్లిక్‌లు వద్దని చెప్పేశాను. ఈ శనివారం ఫ్లూయిడ్ మార్పించి ప్యాడ్లు చూపిస్తాను. టైర్ల కోడ్ చూశాను, నాలుగూ 2022వి, లోపలి వైపు పగుళ్ళు లేవు. వెనక కుడి టైరులో మాత్రం పాత పంక్చర్ ప్లగ్ ఒకటి ఉంది. అది ట్రెడ్ మధ్యలోనే ఉంది, ఏడాదిగా గాలి దిగలేదు. అయినా మార్చాలా?

పీణ్య_వీల్స్:
మార్చండి. బయటి నుంచి దూర్చిన ప్లగ్ రోడ్డుకి సరే. ట్రాక్ వేడికి ఆ రబ్బరు మెత్తబడి బయటికి రావచ్చు. స్టెప్నీ కూడా అదే సైజు, అదే రకం టైరు అయితే దాన్ని వేసి, ప్లగ్ ఉన్నదాన్ని స్టెప్నీగా పెట్టుకోండి. స్టెప్నీ వేరే సైజు అయితే అది ట్రాక్ మీదకి వద్దు. ప్లగ్ తీయించి లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ వేయించినా ట్రాక్ వేగానికి నేను ఒప్పుకోను. అదే మోడల్, అదే సైజు టైరు ఒకటి తీసుకుని, వెనక రెండింటి మధ్య ట్రెడ్ తేడా ఎంతుందో కొలిచి ఇక్కడ రాయండి. తేడా 2 మి.మీ. దాటితే వెనక జత మొత్తం మార్చడమే మేలు.