కుక్కతో చెన్నై వస్తున్నారా? టీకా పుస్తకం ఒకసారి తెరిచి చూడండి

అందరికీ నమస్తే. వచ్చే నెల గుంటూరు నుంచి పెరంబూరుకి మారుతున్నాం. మాతో ఆరు నెలల లాబ్రడార్ ఉంది, పేరు బుజ్జి. మా ఊళ్లో లైసెన్సు గురించి ఎవరూ అడగలేదు. చెన్నైలో ఐదు వేలు ఫైన్ అంటున్నారు, నిజమేనా? కాస్త టెన్షన్‌గా ఉంది.

*

నిజమే తమ్ముడూ. లైసెన్సు లేని పెంపుడు కుక్కకి 5,000 రూపాయల జరిమానా అని చెన్నై కార్పొరేషన్ 2025లో గట్టిగా చెప్పేసింది. లైసెన్సుకి ఏడాదికి 50 రూపాయలే, ఎగ్గొట్టి మిగిల్చుకునేదేమీ లేదు. 2024 మేలో నుంగంబాకం వైపు పార్కులో రెండు రాట్‌వైలర్లు ఐదేళ్ల పాపని కరిచాయి. అప్పటి నుంచీ ఇక్కడ కుక్క ఎదురొస్తే జనం ముందు చూసేది గొలుసు ఉందా లేదా అనే.

దరఖాస్తు కార్పొరేషన్ వెబ్‌సైట్‌లోనే. ఫొటోలు, ఆధార్, చిరునామా రుజువు, రేబిస్ టీకా సర్టిఫికెట్ సిద్ధంగా పెట్టుకో. కుక్కని గుర్తుపట్టే నంబరుండే చిన్న మైక్రోచిప్ కూడా ఇప్పుడు తప్పనిసరి. మెడ దగ్గర చర్మం కింద ఇంజెక్షన్‌లా ఎక్కిస్తారు, క్షణంలో పని.

వీటన్నిటికంటే చూడాల్సింది ఆ టీకా కాగితం. చాలామంది ‘తొమ్మిది జబ్బుల టీకా వేయించాం’ అని నిశ్చింతగా ఉంటారు. అది పార్వో, డిస్టెంపర్ లాంటి వాటికి. వాటిలో చాలా రకాల్లో రేబిస్ ఉండదు. పుస్తకంలో రేబిస్ అని రాసి, సీసా మీది స్టిక్కర్, తేదీ, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయేమో చూడు. కుక్కపిల్లని అమ్మినవాళ్లు ‘అన్నీ అయిపోయాయి సార్’ అంటూ చేతిలో పెట్టే పుస్తకాన్ని నేనైతే నమ్మను. మూడు నెలలు నిండాక మొదటి డోసు, డాక్టరు చెబితే కొన్ని వారాలకి బూస్టరు, ఆ తర్వాత ఏటా. స్టిక్కర్ లేకపోతే డాక్టరుకి చూపించి మళ్లీ వేయించెయ్. మీకు వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి దగ్గరే. 1903 నాటి కాలేజీ, రద్దీ మాత్రం మామూలుగా ఉండదు, పొద్దున్నే వెళ్లు.

ప్రయాణం కారులో పెట్టుకో. రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో కూపేనో క్యాబినో మొత్తం తీసుకుంటేనే నీతో ఉంటుంది, లేదంటే గార్డు, సామాన్లు ఉండే బ్రేక్ వ్యాన్ పెట్టెలో బోను. ఈ ఎండల్లో దాన్ని ఆ బోనులో ఎక్కించకు.

ఎవరినైనా కరిచినా, పన్ను గీరుకున్నా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టనివ్వకు. మన బుజ్జికి టీకా వేయించాం కదా అని ఊరుకోవద్దు, వాళ్లని ఆసుపత్రికి తీసుకెళ్లు. ప్రభుత్వాసుపత్రిలో ఇంజెక్షన్లు ఉచితం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని దాదాపు ఎవరూ కాపాడలేరు.

*

అన్నయ్య చెప్పనిది ఒకటుంది బాబూ. అపార్ట్‌మెంటులో లిఫ్ట్ ఎక్కించొద్దని, అసలు కుక్కే వద్దని అసోసియేషన్ వాళ్లు గొడవ పెట్టుకుంటారు. అలా నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. లైసెన్సు, టీకా కాగితాల ఫొటోలు ఫోన్‌లో ఉంటే సగం నోళ్లు అక్కడే మూతపడతాయి. ఇంటి ఓనరు సంగతి వేరు, ఆయన ఇల్లే ఇవ్వననొచ్చు. ఇక్కడ అడ్వాన్సులు పెద్దవి. డబ్బు కట్టకముందే కుక్క ఉందని చెప్పి, ఆ మాట అగ్రిమెంటులో రాయించుకో.