చిక్కీ కవర్ల సంచి, వేసవిలో మొక్కలు: పిల్లల చేత ఏ పని మొదలుపెట్టించాలి?

ప్రశ్న: సైన్సు ఉపాధ్యాయిని, నరసన్నపేట మండలం

మా ఉన్నత పాఠశాలలో ఎకో క్లబ్బు పేరుకే ఉంది. పర్యావరణ దినోత్సవమైన జూన్ 5 నాటికి మనకు వేసవి సెలవులు కనుక, బడి తెరిచాక ఒక రోజు మొక్కలు నాటి, ఫొటో దిగి, మళ్లీ ఏడాది వరకు ఆ ఊసెత్తము. ఈసారి ఎనిమిదో తరగతి పిల్లలు, ఎవరూ చెప్పకుండానే, మధ్యాహ్న భోజనంతో ఇచ్చే చిక్కీల కవర్లను వారం రోజులు ఏరి, బియ్యం సంచి నిండా నింపి స్టాఫ్ రూము గుమ్మంలో పెట్టారు. "వీటినేం చేద్దాం టీచర్?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పెత్తనం వాళ్లదిగానే ఉంచాలని నా కోరిక. చదువు పాడవుతుందని మా ప్రధానోపాధ్యాయుల భయం. ఎక్కడ మొదలుపెట్టించాలి? వేసవిలో మొక్కలను ఎలా కాపాడాలి?

జవాబు 1: విశ్రాంత ఉపాధ్యాయుడు, బొబ్బిలి

అమ్మా, 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ప్లాస్టిక్కు వస్తువులలో ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు ఉన్నాయి గాని తినుబండారాల కవర్లు లేవు. కాబట్టి ర్యాలీ తీసినంత మాత్రాన చిక్కీ కవరు బడికి రావడం ఆగదు. పిల్లలు ఆపగలిగినది వేరే ఉంది. చాలా బళ్లలో ఊడ్చిన చెత్తను ప్రహరీ వారన కుప్ప పోసి అంటించేస్తారు. ముందు ఆ మంట మానిపించే పని వాళ్లకు అప్పగించండి. పొడి కవర్లను విడిగా కట్టి పంచాయతీ చెత్త బండికి ఎవరు, ఏ రోజు ఇవ్వాలో వాళ్లనే రాసుకోనివ్వండి. మీరు సంతకం మాత్రం చేయండి.

జవాబు 2: లెక్కల మాస్టారు, సోంపేట

మా కంపోస్టు గొయ్యి మొదటి నెలలోనే కంపు కొట్టింది. పూడ్చేద్దామని మేము అనుకుంటుండగా, తొమ్మిదో తరగతి అమ్మాయిలు కర్రతో కెలికి చూసి, మిగిలిన అన్నం, సాంబారు అడుగున ముద్దగా పేరుకుని గాలి ఆడటం లేదని పట్టుకున్నారు. అప్పటి నుంచి వండినది వేయడం మాని, కూరగాయల తొక్కలు ఒక తట్టకు ఎండుటాకులు రెండు మూడు తట్టల చొప్పున వేసి, వారానికోసారి తిరగేస్తున్నారు. పిడికిట పిండితే అరచెయ్యి తడవాలి గాని నీరు కారకూడదన్నది వాళ్ల కొలత. గుడ్ల పెంకులను మాత్రం బాగా నలిపి వేయాలి. నిష్పత్తుల పాఠం నేను ఆ తట్టలతోనే చెప్పాను. చదువు పాడవుతుందన్న మాట మా బడిలో మళ్లీ వినిపించలేదు.

జవాబు 3: కొబ్బరి రైతు, వజ్రపుకొత్తూరు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. మా చెరువు గట్టున తాటి చెట్లు మాత్రం నిలిచాయి. భాద్రపదం ప్రాంతంలో రాలిన తాటి పండ్ల టెంకలను ప్రహరీ వెంట పాతిస్తే వానలే చాలును, వేసవిలో నీళ్లు మోసే మనిషి అక్కరలేదు. చెట్టు ఎదగడానికి పదిహేనేళ్లు పడుతుంది, అది వేరే మాట. త్వరగా నీడ కావాలంటే కానుగ నాటి, పిల్లలు కంచాలు కడిగే నీటిని దానికి మళ్లించండి. ఒక్క జాగ్రత్త: టెంకలు పాతిన చోటు అందరికీ తెలిస్తే, సంక్రాంతి నాటికి తవ్వి తేగలు కాల్చుకుంటారు. చిన్నప్పుడు మేము చేసిన పని అదే.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని:

అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులను తరగతిలో చదివి వినిపించాను. ముందు మంట ఆపుతామని పిల్లలే తేల్చి, చెత్త బండి వచ్చే రోజు కనుక్కోవడానికి ఇద్దరిని పంచాయతీకి పంపారు. తేగల మాట దగ్గర మాత్రం వెనుక బెంచీ వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.