నాన్నగారి స్టూడియో కెమెరా ఎంతకి ఇవ్వొచ్చు?

ప్రశ్న: తెనాలిలో నాన్నగారి ఫోటో స్టూడియో ఖాళీ చేస్తుంటే బీరువాలో రెండు కళ్ల కెమెరా దొరికింది. ముందువైపు యాషికా మ్యాట్-124 జి అనుంది. పాత సామాన్ల కొట్టాయన పదిహేను వందలంటున్నాడు. ఇచ్చేయనా?

జవాబు: ఆగు తమ్ముడూ! 1970లో వచ్చిన మోడలది, 120 అనే వెడల్పాటి ఫిల్ము రోలుకి పన్నెండు చదరపు ఫోటోలు. ఇప్పటికీ వెతుక్కుని కొంటారు. షట్టర్ ఒక సెకనుకి పెట్టి, పక్కనున్న క్రాంక్ (తిప్పే పిడి) ముందుకీ వెనక్కీ తిప్పి బటన్ నొక్కు. కిర్రుమంటూ సెకను నడిచి మూసుకుంటే సరే, మధ్యలో ఆగితే గ్రీజు గట్టిపడింది. వెనక తలుపు తెరిచి ఫోను లైటు లెన్సులోకి వెయ్యి. సాలెగూడులాంటి పోగులుంటే ఫంగస్. మన కోస్తా ఉక్కకి అదే జబ్బు, నేనొకసారి చూడకుండా కొని మునిగాను.

ప్రశ్నించినవారు: షట్టర్ బ్రహ్మాండం అన్నా, పోగుల్లేవు. వెలుతురు కొలిచే మీటరు ముల్లే కదలట్లేదు.

జవాబు: బ్యాటరీ లేకపోతే కదలదులే. దానికేసే 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ తయారీ ఆగిపోయింది. మీటరు లేకున్నా ఫోటో వస్తుంది.

ఇంకొకరు: ఆన్‌లైన్లో అడుగుతున్న రేట్లు నమ్మకండి, అమ్ముడుపోయిన రేట్లు చూడండి. తోలు కవరు, లెన్సు మూత కూడా ఉన్నాయా?

ప్రశ్నించినవారు: ఉన్నాయండీ. కవరు లోపల నాన్న చేతిరాతతో ఏదో పెళ్లి ముహూర్తం రాసుంది. అమ్మ ఇప్పుడు అమ్మొద్దంటోంది.