సైట్‌లో మనిషి పడి చెయ్యి విరిగింది, "ఫస్ట్ ఎయిడ్ కేస్" అని రాయమంటున్నారు. ఏం చేయాలి?

కొత్త_సేఫ్టీ_ఆఫీసర్

అందరికీ నమస్కారం. కోకాపేట వైపు ఒక హైరైజ్ సైట్‌లో ఏడు నెలలుగా సేఫ్టీ ఆఫీసర్‌గా చేస్తున్నాను, డిప్లొమా అయ్యాక ఇదే మొదటి ఉద్యోగం. మొన్న మంగళవారం పొద్దున 9 గంటలప్పుడు ఐదో అంతస్తు బయటివైపు పరంజా మీద ప్లాస్టరింగ్ చేస్తున్న మనిషి కాలి కింద పలక జారి, రెండున్నర మీటర్ల కింద ఉన్న ఇంకో వరస పలకల మీద పడ్డాడు. ఆ వరస అక్కడ లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తోంది. కుడి మణికట్టు విరిగింది. డాక్టర్ ఆరు వారాలు పని చేయొద్దన్నారు. శ్రీకాకుళం మనిషి, ఇద్దరు చిన్నపిల్లలు.

ఇప్పుడు మా ప్రాజెక్ట్ మేనేజర్ ఏమంటున్నారంటే, గేటు దగ్గర బోర్డు మీద ప్రమాదం లేని పనిగంటలు పది లక్షలకు దగ్గరపడ్డాయి, వచ్చే వారం క్లయింట్ వస్తున్నారు, కాబట్టి "ఫస్ట్ ఎయిడ్ కేస్" అని రాసెయ్, అతన్ని రోజూ రప్పించి స్టోర్‌లో కూర్చోబెడదాం, హాజరు పడితే పనిదినం పోయినట్టు కాదు కదా అని. కాంట్రాక్టర్ తరఫు సూపర్‌వైజర్ అయితే ఆస్పత్రి నుంచి రాగానే "బెల్టు పెట్టుకోకుండా నా అజాగ్రత్త వల్ల పడ్డాను" అని కాగితం రాసి ముద్ర వేయించుకున్నాడు. దెబ్బ తగిలిన మనిషికి సంతకం వచ్చు. కుడి చెయ్యి కట్టులో ఉంది కాబట్టి ఎడమ బొటనవేలు.

ఇవాళ గురువారం. నాకు రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఇది బయటికి రిపోర్ట్ చేయాల్సిందేనా? చేయాలంటే ఎవరికి, ఎంతలోపు? ఇన్వెస్టిగేషన్ అంటే కాలేజీలో చెప్పిన ఐదు 'ఎందుకు'లు తప్ప నేనెప్పుడూ చేయలేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

సైట్_18_ఏళ్లు

తమ్ముడూ, ముందు టైం సంగతి. 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం మనిషి చనిపోయినా, దెబ్బ తగిలి 48 గంటలు, ఆపైన పని చేయలేకపోయినా అధికారికి నోటీసు ఇవ్వాలి. 1998 కేంద్ర నిబంధనల్లో గడువు కూడా పెట్టారు, మరణమైతే 4 గంటలు, మిగతావాటికి 72 గంటలు. మంగళవారం పొద్దున 9 అంటే రేపు పొద్దున 9కి నీ 72 గంటలు అయిపోతాయి. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత కోడ్ వచ్చింది, కానీ 48 గంటల లెక్క అందులోనూ ఉంది. మీ సైట్ ఏ ఇన్‌స్పెక్టర్ కిందికి వస్తుందో, ఇప్పుడు ఏ ఫారం తీసుకుంటున్నారో లేబర్ ఆఫీసుకు ఫోన్ చేస్తే చెప్తారు. ముందు ఉన్న వివరాలతో పంపించు, పూర్తి రిపోర్ట్ తర్వాత ఇవ్వొచ్చు.

స్టోర్‌లో కూర్చోబెట్టడం గురించి. ప్లాస్టరింగ్ మేస్త్రీకి పని అంటే తాపీ పట్టుకోవడం. కుడి మణికట్టు విరిగినవాడు కుర్చీలో కూర్చుంటే అది పని ఎలా అవుతుంది? ఎక్స్‌రే మీద తేదీ ఉంటుంది, డాక్టర్ చీటీలో ఆరు వారాలని ఉంటుంది. రేపు ఏ కారణం చేతనైనా ఫైల్ తెరిస్తే, ఫస్ట్ ఎయిడ్ అని రాసిన కాగితం మీద ఉండేది నీ సంతకం, మేనేజర్‌ది కాదు. ఆయన్ని బెదిరించినట్టు కాకుండా మామూలుగా ఈ మాట చెప్పు, చాలామంది అక్కడే ఆగిపోతారు. చెప్పాక అదే సంగతి మెయిల్‌లో పెట్టు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. పరంజా, స్లాబు కింద ఆనించే సెంట్రింగ్ స్టేజింగ్, మట్టిగోడ లాంటివి కూలినా, క్రేన్ ఫెయిలైనా ఒక్కరికీ దెబ్బ తగలకపోయినా సరే ఆ నిబంధనల ప్రకారం నోటీసు ఇవ్వాలి. నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర 2025 ఫిబ్రవరి 22న ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం కూలి 8 మంది చిక్కుకుంటే దేశమంతా చూసింది. ఒక్క మనిషి పలక మీద నుంచి పడితే పక్క టవర్‌కి కూడా తెలియదు. అందుకే నీ రిపోర్ట్‌కి అంత విలువ.

ఇన్వెస్టిగేషన్‌కి వస్తే, ఈ రాత్రికే ఆ పలక ఎక్కడుందో వెతుకు. సాధారణంగా గంటలోపే ఎవడో తీసి మళ్లీ కట్టేస్తాడు, నిజం అక్కడే పోతుంది. పలక చివర్లు, కట్టిన బైండింగ్ వైరు, పైపు మీద రాపిడి గీతలు, అన్నీ దగ్గర నుంచి ఫొటో తియ్యి, పక్కన టేపు పెట్టి. స్కాఫోల్డింగ్ ట్యాగ్ (పరంజా చూశాక సంతకం పెట్టి తగిలించే చీటీ) మీద చివరి సంతకం ఏ తేదీదో చూడు. ఆ రోజు టూల్ బాక్స్ టాక్ (పని మొదలయ్యే ముందు చెప్పే భద్రత మాటలు) రిజిస్టర్, ముందు రోజు అదే బేలో (పరంజాలో ఆ భాగంలో) ఎవరెవరు పని చేశారో హాజరు పట్టీ, రెండూ జిరాక్స్ తీసి పెట్టుకో. "అజాగ్రత్త" అనే మాట దగ్గర ఆగిపోకు. బెల్టు పెట్టుకోలేదు సరే, అక్కడ బెల్టు తగిలించడానికి లైఫ్‌లైన్ తాడు ఉందా? అయినా పలక జారింది బెల్టు లేక కాదు కదా.

పాత_మేస్త్రీ

నేను పన్నెండేళ్లు పరంజా మీద పనిచేసి సూపర్‌వైజర్ అయినవాణ్ని, చదువు పెద్దగా లేదు, ఒక్కటే చెప్తా. మనుషుల్ని ఆఫీసుకి పిలిచి అడగొద్దు సార్. ఏసీ గదిలో మేనేజర్ ముందు నిలబెడితే "నాకేం తెలీదు సార్" అనే మాట తప్ప ఇంకేం రాదు. ఎందుకంటే ఆ పూట కూలి పోతుందని భయం, మేస్త్రీ రేపు పనిలోకి రానివ్వడని భయం, ఊళ్లో తీసుకున్న అడ్వాన్స్ ఇంకా తీరలేదని భయం. రాత్రి కూలీల గదుల దగ్గరికి వెళ్లండి, వంట చేసుకునేటప్పుడు. పెన్నూ కాగితం తియ్యకండి ముందు. "ఎవరి తప్పు" అని అడగొద్దు, "ఆ రోజు పొద్దున పైకెక్కాక ఏమేం చేశారు" అని వరసగా చెప్పించండి. మధ్యలో అడ్డు రావొద్దు. చివర్లో, "ఇంతకుముందు ఎప్పుడైనా పలక ఇలా కదిలిందా" అని అడగండి. నూటికి తొంభై చోట్ల కదిలే ఉంటుంది, ఎవరూ అడగక చెప్పి ఉండరు. నేను పనిచేసిన ఒక చోట ఇలాగే లిఫ్ట్ గుంత మీద వేసిన ప్లైవుడ్ ఊగుతోందని మా కుర్రాడు రెండుసార్లు చెప్పాడు, మూడోరోజు అందులోనే పడి చనిపోయాడు. వాడు చెప్పినట్టు ఎక్కడా రాసి లేదు. వాడి వయసు 19.

కార్మిక_కేసులు_చూసే_లాయర్

ఆ వేలిముద్ర కాగితం గురించి కంగారు పడకండి. నష్టపరిహారం హక్కు వదులుకుంటున్నట్టు కార్మికుడితో ఏ ఒప్పందం రాయించుకున్నా అది చెల్లదు, 1923 ఉద్యోగుల నష్టపరిహార చట్టంలోని ఈ నియమం ఇప్పటి సామాజిక భద్రతా కోడ్‌లోకీ వచ్చింది. ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉంటే ఆ దారిలో వెళ్లాలి, లేకపోతే ఈ నష్టపరిహారం దారి. సబ్ కాంట్రాక్టర్ మనిషే అయినా పని ఇచ్చిన అసలు యాజమాన్యానికీ బాధ్యత ఉంటుంది. ఒక్కటి మాత్రం ఈ రోజే చూడండి, ఆస్పత్రి చీటీలో "సైట్‌లో పైనుంచి పడి" అని ఉందా, లేక "బాత్‌రూమ్‌లో జారి" అని ఉందా? తీసుకెళ్లినవాళ్లు ఏం చెప్తే డాక్టర్ అదే రాస్తారు. తర్వాత నా దగ్గరికి వచ్చే కేసులు సగం ఆ ఒక్క లైను దగ్గరే ఇరుక్కుంటాయి.

కొత్త_సేఫ్టీ_ఆఫీసర్

అందరికీ చాలా థ్యాంక్స్. నోటీసు శుక్రవారం పొద్దున 8:20కి వెళ్లింది. మేనేజర్‌గారు మొదట కోప్పడ్డారు, తర్వాత ఎక్స్‌రే తేదీ, సంతకం మాట చెప్పేసరికి కాసేపు మాట్లాడలేదు, చివరికి "పంపించు" అన్నారు. ఆస్పత్రి చీటీలో సరిగ్గానే ఉంది.

పలక దొరికింది. అన్న చెప్పినట్టే దాన్ని అప్పటికే నాలుగో అంతస్తులో వాడేస్తున్నారు, ఒక చివర ఎండిన సిమెంటు మీద అతని చెప్పు అచ్చు ఇంకా ఉంది. రెండో చివర బైండింగ్ వైరు తెగలేదు, కటింగ్ ప్లయర్‌తో నున్నగా కోసి ఉంది. రాత్రి గదుల దగ్గర కూర్చుంటే అసలు సంగతి బయటపడింది. సోమవారం సాయంత్రం ఎలక్ట్రికల్ వాళ్లు కండ్యూట్ పైపు (కరెంటు వైర్లు వేసే గొట్టం) దించడానికి ఆ పలక కట్టు కోసి, పక్కకి జరిపి, పని అయ్యాక మళ్లీ అలాగే పెట్టి వెళ్లిపోయారు. వాళ్లది వేరే కాంట్రాక్టు, ప్లాస్టరింగ్ వాళ్లకి చెప్పే పద్ధతే లేదు. ట్యాగ్ మీద చివరి సంతకం తొమ్మిది రోజుల కిందటిది, వారానికోసారి చూడాలి. ఆ సంతకం చేయాల్సింది నేనే. అది కూడా రిపోర్ట్‌లో రాశాను.

అతన్ని చూసొచ్చాను. "సార్, నా తప్పు కాదని ఆ పేపర్‌లో రాశారా" అని అడిగాడు. రాశానని ఫొటో చూపించి చదివి వినిపించాను.

ఇక నుంచి పలక గానీ, కట్టు గానీ ఎవరు కదిపినా ఆ బేకి ఎర్ర ట్యాగ్ వేసి, మళ్లీ చూసేదాకా ఎవరూ ఎక్కకూడదని పెట్టాలనుకుంటున్నాను. రెండో టవర్‌లో సోమవారం నుంచి కండ్యూట్ పని మొదలవుతోంది. పరంజా మార్చడానికి వాడే పర్మిట్ ఫారం తెలుగులోనో, హిందీలోనో, ఒడియాలోనో ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి, ఆదివారం లోపు కావాలి.